ఖాళీ అన్న మాట

కబడ్డీ పోటీలకు మైకు పట్టేది రత్నాకర్ అని తెలిసిన పూట వీరయ్య అన్నం సగంలో లేచాడు. చెయ్యి కడుక్కుని గడప మీద కూర్చున్నాడు. ఎందుకని భార్య శివమ్మ అడగలేదు. ఆ కబురు చెప్పింది ఆమే. ఆమెకు చెల్లెలు భాగ్య ఫోను చేసి చెప్పింది. భాగ్య మొగుడే ఆ రత్నాకర్.

"ఎవలన్న ఒకలు పట్టాలె గదా. మనోడే పట్టిండనుకో," అన్నది శివమ్మ కంచం తీస్తూ.

"మనోడు," అన్నాడు వీరయ్య. అంతే. మైకులో ఎంత మాట్లాడతాడో ఇంట్లో అంత మూగ అతను.

మెదక్‌లో ఇరవై ఆరేళ్లుగా ఏ ఆట జరిగినా మైకు వీరయ్యది. మైకు గొట్టాలు అతనివే, మాటా అతనిదే. "మనోడు కూతకు పోయిండు, లోపల ఊపిరి ఉన్నదో లేదో జర చూడుండ్రి" అంటే మైదానమంతా నవ్వేది. రోడ్డు మీద పోయేవాడు సైకిలు ఆపి లోపలికి వచ్చేవాడు. "రాండ్రి రాండ్రి, రామాయంపేట దిక్కు గ్యాలరీ ఖాళీ, రుమాలేసి సీటు పట్టుకోండ్రి" అని పిలిస్తే జనం భుజం మీది రుమాళ్లు తీసి ఉరికేవారు. ముందు రుమాలు పడేది, వెనక మనిషి పడేవాడు. జనాన్ని పిలవడంలో వీరయ్యను మించినవాడు చుట్టుపక్కల లేడని పేరు.

రత్నాకర్ తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాడు. మడత నలగని చొక్కా, మెత్తని మాట. వీరయ్య కంటే మూడేళ్లు చిన్న. ఇద్దరి అత్తగారిల్లూ ఎల్దుర్తిలో. పెళ్లయిన కొత్తలో ఇద్దరల్లుళ్లూ పక్కపక్కన కూర్చుంటే అత్త సౌభాగ్యమ్మ మాంసం కూరలోంచి మెత్తటి కార్జం ముక్కలన్నీ ఏరి రత్నాకర్ కంచంలో వేసేది. "సారు పొద్దందాక పిల్లలతోని నోరు నొప్పి పెట్టుకుంటడు," అనేది. వీరయ్య వైపు తిరిగి, "నీకు బొక్కలిష్టం గదా బిడ్డా," అనేది. బొక్కలంటే ఇష్టమని వీరయ్య ఎవరితోనూ అన్న గుర్తు లేదు. అయినా ముసలామె బతికున్నన్నాళ్లూ బొక్కలే కొరికాడు.

ఒకరిని సారు అంటారు, ఒకరిని మైకాయన అంటారు. చుట్టాలొస్తే కుర్చీ ఒకరికి, గద్దె అంచు ఒకరికి. వీరయ్య లోపల్లోపలే భాగాలు పంచుకున్నాడు. కార్జం వాడిది, కుర్చీ వాడిది, పింఛను వాడిది. మైకు నాది. ఈ లెక్కతోనే ఇన్నేళ్లు కడుపు చల్లబరచుకున్నాడు. ఇప్పుడు ఆ మైకూ అటే పోయింది.

ఈసారి పోటీలు చిన్నవి కావు. రాష్ట్రంలోని జిల్లాలన్నీ వస్తున్నాయి. మూడు రోజుల ఆట. రోజుకు ఎనిమిది వేల మంది వస్తారని అంచనా. ఎక్కడో పెద్ద పట్నంలో ఆటగాళ్లను చూడబోయి జనం తొక్కిసలాటలో పోయినప్పటి నుంచి ఇలాంటి వాటికి ముందుగానే ఒక పద్ధతి రాసుకుని పెట్టుకోవాలంటున్నారు. గేట్లు ఎన్ని, ఏ గేటు దగ్గర ఎంత మంది పోలీసులు, అంబులెన్సు ఏ తోవన రావాలి, ఫైరింజను ఎక్కడ నిలబడాలి, నీళ్ల డ్రమ్ములు ఎక్కడ ఉండాలి, అన్నీ కాగితం మీద ఉండాలి. ఆ పని చూడటానికి ఒక భద్రత కమిటీ వేశారు. దానికి పెద్ద ఆశ్రిత అనే ఆఫీసరు. ముప్పై దాటని పిల్ల. మనిషి నెమ్మది, పని గట్టి.

మర్నాడు వీరయ్యను కూడా మీటింగుకు పిలిచారు. మాటకు కాదు, గొట్టాలకు. ఎనిమిది గొట్టాలు, రెండు యాంప్లిఫయర్లు, కరెంటు పోతే నడవడానికి బ్యాటరీలు కావాలన్నారు. గోడకు మైదానం పటం అతికించి ఉంది. ఆశ్రిత కర్రతో చూపిస్తూ చెప్పింది. నాలుగు దిక్కులా నాలుగు గ్యాలరీలు. ఊరివాళ్లు రామాయంపేట దిక్కు అనే తూర్పు గ్యాలరీ పక్కనే దక్షిణం వైపు ఆడవాళ్లది. ఆడవాళ్ల గ్యాలరీ ముందు నుంచి ఒక్క బాట, పడమటి గేటు నుంచి తూర్పు దాకా.

తరువాత ఆమె ఒక అట్ట తీసింది. మీద ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంది. దాని మీద ఏడు ప్రకటనలు.

"ఆపద వచ్చినప్పుడు మైకులో ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడితే జనం పరేషాన్ అయిపోతారు. అందుకని ఇందులో ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఒక్క అక్షరం మారొద్దు," అన్నది.

వీరయ్య లేచి నిలబడ్డాడు. "నేను చదువుత మేడం."

గది అంతా అతని వైపు చూసింది. ఆశ్రిత అట్ట ఇచ్చింది. వీరయ్య అద్దాలు పెట్టుకున్నాడు. అతని చదువు అయిదో తరగతి గడప దాటలేదు. "ప్రే... క్ష... ప్రేక్షక మహా... శయులకు వి... విజ్..."

"విజ్ఞప్తి," అన్నాడు రత్నాకర్ పక్క కుర్చీలోంచి. మెల్లగా, మంచిగా, బళ్లో పిల్లవాడికి అందించినట్టు అందించాడు.

వీరయ్య అట్ట బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. ఆ అందించడం కంటే చెంప మీద కొట్టినా బాగుండేదనుకున్నాడు.

రత్నాకర్ లేచి ఏడూ చదివాడు. పద్యం చదివినట్టుంది. అయిదో నంబరు దగ్గరికి వచ్చాడు. "ప్రేక్షక మహాశయులకు విజ్ఞప్తి. భద్రతా కారణాల దృష్ట్యా తూర్పు గ్యాలరీ ఖాళీ చేయవలసినదిగా మనవి."

వీరయ్య చెవులు నిక్కాయి.

మైకు పట్టినవాడికి తెలిసిన సంగతి ఒకటుంది. గొట్టంలోంచి మాట పోయేటప్పుడు ముందు భాగమే జనానికి చేరుతుంది. వాళ్లు తల తిప్పి, పక్కవాడిని ఏందిరా అని అడిగే లోపల తోక పోతుంది. మన మాటలో చేయాల్సిన పని ఎప్పుడూ తోకలోనే ఉంటుంది. అందుకని వీరయ్య పని మాటను ముందుకు లాగి మూడు సార్లు చెబుతాడు. ఎవరూ నేర్పలేదు. గొట్టాల కింద కూర్చుని కూర్చుని తెలుసుకున్నాడు. ఇక్కడ చూస్తే తూర్పు గ్యాలరీ ఖాళీ దాకా వినిపిస్తుంది. చేయవలసినదిగా అన్నది ఈలల్లో కొట్టుకుపోతుంది. పైగా ఈ ఊరి జనానికి మైకులో ఖాళీ అంటే సీట్లు దొరుకుతాయని అర్థం. ఇరవై ఆరేళ్లు వాళ్లకు ఆ అర్థం నూరిపోసింది వీరయ్యే. లేచిపొమ్మంటే లేవరు సరికదా, సీటు లేనివాళ్లు ఉరికొస్తారు.

"ఎవరికైనా ఇంకేమైనా చెప్పాలని ఉందా?" అని అడిగింది ఆశ్రిత. అందరినీ అడిగింది. అందరిలో వీరయ్య కూడా ఉన్నాడు. కాని ఆమె కన్ను తన మీద నిలవలేదనుకున్నాడు. నాలుక చివరి దాకా వచ్చిన మాటను పళ్లతో పట్టి ఆపాడు. పద్యంలా చదివాడుగా, చదవనీ అనుకున్నాడు.

బయటికి వచ్చాక రత్నాకర్ వెంట నడిచాడు.

"అన్నా, నువ్వు మనసుల ఏం పెట్టుకోకు. మైకు నీది, మాట కాగితంది. నేను నడుమ ఉత్త గొంతునే."

"మంచిగుంది సారూ."

"సారేంది అన్నా. నీకున్న అలవాటు నాకు లేదు. ఆ కాగితంల ఏమన్న తప్పుంటే చెప్పు. మేడంకు నేను చెప్త."

వీరయ్య ఆగాడు. రోడ్డు మీద బస్సొకటి పోయింది. అది పోయేదాకా చూశాడు.

"నేను విజ్ఞప్తి సుత చదవరానోన్ని. సార్లకు తప్పులు జెప్పేటంతటోన్నా," అని సందులోకి తిరిగాడు.

పోటీలకు ముందు రోజు సాయంత్రం మైదానంలో ఉత్తుత్తి ఆపద ఒకటి జరిపించారు. కాలేజీ పిల్లలను, హోంగార్డులను మూడు వందల మందిని తూర్పు గ్యాలరీలో కూర్చోబెట్టారు. ఏం చేయాలో పొద్దున్నే నేర్పారు. రత్నాకర్ అయిదో నంబరు చదివాడు. అంతా వరసగా లేచి, వరసగా దిగి, వెనక గేటులోంచి వెళ్లిపోయారు. ఆశ్రిత గడియారం చూసి నాలుగు నిమిషాలన్నది. చప్పట్లు కొట్టారు.

"మీ గొంతు ఉంటే మాకు సగం ధైర్యం సార్," అన్నది రత్నాకర్‌తో.

యాంప్లిఫయర్ ముందు కూర్చున్న వీరయ్య వైరు చుట్టుకుంటూ విన్నాడు. ముందే నేర్పిన వాళ్లను లేపితే లేవరా? పెళ్లికి పిలిచి అన్నం పెడితే తినరా? అనుకున్నాడు గాని అనలేదు. సబ్ ఇన్‌స్పెక్టర్ ప్రశాంత్ అతని పక్కనే నిలబడి, "మా సారే వీరన్నా. నాకు తొమ్మిదిల తెలుగు చెప్పిండు. గా గొంతు ఇంటే ఇప్పటికీ చేతులు కట్టుకోబుద్ధయితది," అన్నాడు. వీరయ్య వైరును ఇంకొంచెం బిగించి చుట్టాడు.

ఇంట్లో శివమ్మ చీర మడతలు పెడుతోంది.

"నేను, భాగ్య ఆఖరి దినం పోతం. ఆడోళ్లకు వేరే గ్యాలరీ ఉన్నదట గదా."

"ఎందుకు. టీవీల వస్తది."

"టీవీల మొగోళ్లు కనబడ్తరా?"

"ఏ మొగోళ్లు?"

"మా ఇద్దరి మొగోళ్లు. ఒకలు మైకుల చెప్పంగ, ఒకలు బిరడాలు తిప్పంగ."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. తిప్పంగ అన్న మాట రొమ్ములో ముల్లయింది. అటు తిరిగి పడుకున్నాడు.

మొదటి రెండు రోజులూ ఆటలు బాగా జరిగాయి. రత్నాకర్ బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాడు. వీరయ్య బల్ల పక్కన స్టూలు మీద, చెయ్యి వాల్యూం బిరడా మీద. ప్రేక్షక మహాశయులకు అన్నప్పుడల్లా కుర్రకారు ఈలలు వేశారు. ఎగతాళికే మొదలుపెట్టారు. రెండో రోజుకు అదే ముద్దయింది. తప్పిపోయిన పిల్లవాడి సంగతి సారు చెబితే మైదానం చెవి పెట్టి వింది. గేటు దగ్గర తోసుకోవద్దంటే తోసుకోలేదు.

"సారు గొంతు రేడియో లెక్కున్నది వీరన్నా," అన్నాడు ఛాయి అమ్మే ఇంద్రకరణ్ గ్లాసు అందిస్తూ. "నువ్వు గిట్ల ఉండకపోతివి. నువ్వు నవ్విపియ్యాలె, అంతే."

వీరయ్య ఛాయి తాగలేదు. ఆ మధ్యాహ్నం ట్రెబుల్ బిరడాను కొంచెం కుడికి తిప్పాడు. రత్నాకర్ గొంతు చిలక గొంతయింది. తూర్పు గ్యాలరీ పడీ పడీ నవ్వింది. రత్నాకర్ ఆగి, వీరయ్య వైపు చూసి, "అన్నా, జర చూడు, ఏదో కదిలినట్టుంది," అన్నాడు. ఏం కదిలిందో అతనికి తెలుసని వీరయ్యకు తెలుసు. బిరడాను వెనక్కి తిప్పాడు. దొరికిపోయిన సిగ్గు కంటే, వాడు కోపం తెచ్చుకోలేదన్న మంటే ఎక్కువయింది.

మూడో రోజు ఫైనల్. మన జిల్లా జట్టు ఫైనల్‌కు వచ్చింది. టేక్మాల్ నుంచి, రామాయంపేట నుంచి ట్రాలీలు కట్టుకుని వచ్చారు. నాలుగు గంటలకే గ్యాలరీలు నిండాయి. పడమటి గేటు లోపల సీట్లు లేక నిలబడ్డవాళ్లే అయిదారు వందలు. వాళ్ల కళ్లు ఆట మీద లేవు. ఎక్కడ ఎవడు లేస్తాడా అని చూస్తున్నాయి. ఆడవాళ్ల గ్యాలరీలో మూడో వరసలో శివమ్మ, భాగ్య కనిపించారు. కాసేపటికి ఇద్దరూ నీళ్ల కోసం కిందికి దిగి బాట మీదికి వచ్చారు.

అప్పుడే ప్రశాంత్ ఉరికొచ్చాడు. మొహం మీద చెమట.

"సార్, తూర్పు గ్యాలరీ కింద ఆనిచ్చిన సర్వికట్టె ఒకటి జారింది. పైన ఎనిమిది వందల మంది ఉన్నరు. ఎగురుడు పెడితే కూలుతది. అయిదోది చదువుండ్రి. జల్ది."

ఆశ్రిత వైర్‌లెస్‌లో ఆట ఆపమన్నది. రత్నాకర్ అట్ట తీసుకుని లేచాడు. అయిదో నంబరు మీద వేలు పెట్టుకున్నాడు. వీరయ్య చూశాడు.

ఇప్పుడే చెప్పాలి అనుకున్నాడు వీరయ్య. ఆ వెంటనే, ఆ వెనకనే, ఒక్క మాట చదవనీ అనుకున్నాడు. ఒక్కసారి ఈ జనం ముందు సారు మాట సాగకపోతే చూడాలి. రెండు తలపులూ ఒకే గుక్కలో వచ్చాయి. చెయ్యి బిరడా మీదే ఉంది. కదలలేదు.

"ప్రేక్షక మహాశయులకు విజ్ఞప్తి," అన్నాడు రత్నాకర్. ఈలలు లేచాయి. "భద్రతా కారణాల దృష్ట్యా..." ఈలలు ఇంకా ఎక్కువయ్యాయి. "తూర్పు గ్యాలరీ ఖాళీ" అన్నది మాత్రం ఎనిమిది గొట్టాల్లోంచీ గంట కొట్టినట్టు పోయింది. చేయవలసినదిగా అన్నది పోలేదు.

తూర్పు గ్యాలరీలో ఒక్కడూ లేవలేదు. పడమటి గేటు దగ్గర ఒకడు మాత్రం భుజం మీది రుమాలు తీశాడు. వాడి వెనక పది మంది తీశారు. తరువాత లెక్క లేదు. ఆడవాళ్ల ముందున్న ఒక్క బాటలోంచి అయిదారు వందల మంది తూర్పుకు ఉరకడం మొదలుపెట్టారు.

వీరయ్య బిరడాను పూర్తిగా వెనక్కి తిప్పాడు. రత్నాకర్ రెండోసారి చదవబోతే మైకు పలకలేదు. అతను వీరయ్య చెయ్యి చూశాడు. మూడు రోజుల్లో మొదటిసారి అతని మొహం నల్లబడింది.

"ఇప్పుడా అన్నా? గింత కుళ్లా నీకు? జనం చస్తరు."

"ఖాళీ అనకు," అన్నాడు వీరయ్య. "ఖాళీ అంటే సీట్లున్నయనుకుంటుండ్రు. గటు చూడు."

రత్నాకర్ చూశాడు. ప్రశాంత్ కూడా చూశాడు. బాటలో రుమాళ్లు గాలిలో ఊగుతున్నాయి.

"మైకు నువ్వే పట్టు వీరన్నా," అన్నాడు ప్రశాంత్. రత్నాకర్ చేతిలోంచి మైకు తీసి అందించాడు కూడా.

వీరయ్య చెయ్యి చాచాడు. ఇరవై ఆరేళ్ల చెయ్యి, దానంతట అదే పోయింది. సగంలో ఆగింది. తను ఏనాడైనా ఈ జనాన్ని పొమ్మన్నాడా? రమ్మనడమే గదా తన పని. తన గొంతు వినిపిస్తే గేటు బయట ఉన్నవాళ్లు కూడా వీరన్న పిలుస్తున్నాడని లోపలికి వస్తారు. కూర్చున్నవాళ్లు నవ్వడానికి సిద్ధమవుతారు. ఆగమంటే ఆగే గొంతు ఈ మైదానంలో ఒక్కటే ఉంది. అది తనది కాదు.

"సారే చెప్పాలె," అన్నాడు. "నా గొంతు ఇంటే ఇంకింత మంది ఉరికొస్తరు. సారే చెప్పాలె. నేను చెప్పినట్టు చెప్పాలె."

మైకును రత్నాకర్ చేతికే తోసి బిరడా తిప్పాడు. రత్నాకర్ చెవి దగ్గర నోరు పెట్టాడు. "ఆగుండ్రి. మూడు సార్లు."

"ఆగండి..."

"ఆగండి గాదు. ఆగుండ్రి. ఇంట్ల అన్నట్టు అను."

"ఆగుండ్రి," అన్నాడు రత్నాకర్. "ఆగుండ్రి. ఆగుండ్రి. ఉరుకుతున్నోళ్లు ఉన్న కాడనే ఆగుండ్రి. సీట్లు లెవ్వు. సీట్లు లెవ్వు."

ప్రేక్షక మహాశయులు అనే నోటి నుంచి ఆ మాట విని మైదానం మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైంది. సారు ఇట్లా మాట్లాడుతున్నాడంటే ఏదో అయిందనుకున్నారు. ఉరికేవాళ్ల కాళ్లు మెల్లబడ్డాయి. పోలీసులు నడుమ తాడు పట్టుకుని నిలబడ్డారు.

"ఇప్పుడు లేవుండ్రి అను. పని ముంగట చెప్పు, జాగా తర్వాత చెప్పు."

"లేవుండ్రి. లేవుండ్రి. లేవుండ్రి. తూర్పు దిక్కు కూసున్నోళ్లు..."

"రామాయంపేట దిక్కు అను."

"రామాయంపేట దిక్కు కూసున్నోళ్లు లేవుండ్రి. ఎగరకుండ్రి. మెల్లగ దిగుండ్రి. ఎనుక గేటుకు నడువుండ్రి. మిగిలినోళ్లు కూసోండ్రి. ఏం కాలే, కూసోండ్రి."

వీరయ్య ఒక్కో ముక్క అందించాడు, రత్నాకర్ ఒక్కో ముక్క పలికాడు. మొన్న విజ్ఞప్తి అని అందించింది అటు, ఇవాళ ఆగుండ్రి అని అందించింది ఇటు. ఆ సంగతి తలచుకునే తీరిక ఇద్దరికీ లేదు. ఆరేడు నిమిషాల్లో తూర్పు గ్యాలరీ మీద చెప్పులు, సీసాలు తప్ప ఏమీ మిగల్లేదు. గ్యాలరీ కూలలేదు. వడ్రంగి పనివాళ్లు వచ్చి కింద కొత్త కట్టె పెట్టి బిగించారు. ఆట మళ్లీ మొదలైంది.

ఎవరు గెలిచారో వీరయ్య చూడలేదు. బాట మీద నలుగురు ఆడవాళ్లు పడ్డారని కబురొచ్చింది. ముగ్గురికి గీరుకుపోయింది. నాలుగో ఆమె చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆమె భాగ్య.

మర్నాడు పొద్దున దవాఖానలో భాగ్య మంచం చుట్టూ వాళ్లే ఉన్నారు. చేతికి కట్టు. శివమ్మ చెల్లెలికి ఇడ్లీ తుంచి పెడుతోంది. రత్నాకర్ కిటికీ దగ్గర. వీరయ్య తలుపు దగ్గర, లోపలా కాదు, బయటా కాదు.

"బావా, నిలబడ్డవేంది, కూసో," అన్నది భాగ్య. "నువ్వు చూడబట్టి చెయ్యితోని పోయింది. లేకుంటే పానమే పోతుండె. నా మీదికెళ్లి పోయేటోళ్లు గక్కనే ఆగిండ్రు."

వీరయ్య కూర్చోలేదు.

ఆశ్రిత వచ్చింది. చేతిలో ఫైలు. భాగ్యను పలకరించింది, మందుల సంగతి అడిగింది. తరువాత రత్నాకర్ వైపు తిరిగి, "సార్, నిన్న మీరు అప్పటికప్పుడు మాట మార్చకపోతే ఏమయ్యేదో. కలగజేసుకుని మంచి పని చేశారు," అన్నది.

"నేను మార్చలే మేడం," అన్నాడు రత్నాకర్. "ఒక్క మాట సుత నాది గాదు. అన్ననే చెప్పిండు, నేను పలికిన. ముందుగాల నేనే తప్పుగ అనుకొని అన్నను తిట్టిన."

ఎవరూ అడగకుండానే చెప్పాడు. దాచుకుని ఉంటే వీరయ్యకు హాయిగా ఉండేది. ఈ మంచి గుణం కూడా వీడికే ఉండాలా అనిపించింది.

ఆశ్రిత వీరయ్య దగ్గరికి వచ్చింది. "అట్లయితే మీరు నాకు కావాలి వీరయ్య గారూ. ఆ అట్ట రాయించింది నేనే. అది తప్పు, నేను ఒప్పుకుంటున్నా. ఇక ముందు ఇక్కడ ఏ పోటీ జరిగినా ప్రకటనలు మీరు చెప్పండి, మేం రాసుకుంటాం. మైకు కూడా మీ చేతిలోనే ఉండాలని రిపోర్టులో రాస్తా."

వీరయ్యకు అడగకుండానే మొత్తం వచ్చింది. రత్నాకర్ ముందరే వచ్చింది.

ఆమె పెన్ను తీసింది. "ఒక్కటి రాయాలి. జనం తప్పుగా అర్థం చేసుకుంటారని మీకు ఎప్పుడు తెలిసింది? వాళ్లు ఉరకడం చూశాకే గదా?"

జవాబు కూడా ఆమే ఇచ్చింది. ఔనంటే చాలు. వీరయ్య భాగ్య కట్టు వైపు చూశాడు. రత్నాకర్ వైపు చూశాడు. రత్నాకర్ కిటికీ బయటికి చూస్తున్నాడు. కాగితంలో తప్పుంటే చెప్పమని రోడ్డు మీద అడిగినవాడు అతనే. ఔనంటే అతను కాదనడు. జన్మలో కాదనడు. దాచిపెట్టి, ఆ దాచిన మేలు ఇక ఎప్పటికీ తన నెత్తిన బరువుగా పెట్టి ఊరుకుంటాడు.

"మీటింగు దినమే తెల్సు," అన్నాడు వీరయ్య.

పెన్ను ఆగింది. "ఏ మీటింగు?"

"సారు అట్ట చదివిన దినం. చదువుతుంటెనే తెల్సింది."

"మరి చెప్పలేదేం?"

ఇడ్లీ ముక్క శివమ్మ చేతిలోనే ఉండిపోయింది.

"కుళ్లు," అన్నాడు. "సారు మీద కుళ్లుతోని చెప్పలే మేడం."

ఆశ్రిత ఏదో రెండు ముక్కలు రాసింది. ఏం రాసిందో చెప్పలేదు. ఫైలు మూసి, భాగ్యకు జాగ్రత్త చెప్పి వెళ్లిపోయింది. మైకు మాట మళ్లీ ఎత్తలేదు.

భాగ్య గోడ వైపు తిరిగి పడుకుంది. శివమ్మ లేచి మొగుడి ముందు నుంచే చెంబు తీసుకుని నీళ్లకు పోయింది. అతను అక్కడ లేనట్టే పోయింది.

రత్నాకర్ కిటికీ దగ్గర నుంచి వచ్చాడు. తిడతాడనుకున్నాడు వీరయ్య. తిట్టాలని కోరుకున్నాడు. పెళ్లాం చెయ్యి విరగ్గొట్టినవాడిని ఎవడైనా తిడతాడు.

"పా అన్నా. రాత్రి సంది ఏం తాగలే నువ్వు. ఛాయి తాగుదాం," అన్నాడు రత్నాకర్.

వీరయ్య అతని మొహం చూశాడు. ఇంత మంది ముందు తన కుళ్లు తన నోటితో చెప్పుకోవలసిన గతి ఈ మనిషికి ఒక్కనాడూ పట్టలేదు, ఇక పట్టదు కూడా. ఆ సంగతి తోచగానే కడుపులో మంట పాత చోటనే, పాత లెక్కనే లేచింది. అయినా అతని వెనకనే మెట్లు దిగాడు.